కింది ముల్లు

నాన్న చేతి గడియారంలో మూడు చిన్న గుండ్రాలుంటాయి. ఎడమది మామూలు సెకన్లది, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పై మీట నొక్కితే నడుమనున్న పొడుగు ముల్లు కదులుతుంది. అది ఒక చుట్టు తిరిగితే కుడి గుండ్రంలో ఒక నిమిషం. ముప్పై అయ్యాక కుడిది మళ్లీ మొదటికొస్తుంది. గంటల సంగతి కింది గుండ్రం చెప్పాలి. అది చూడకపోతే చూసినట్టే కాదని చిన్నప్పుడు నా నెత్తిన మొట్టి మరీ నేర్పాడు.

నాన్న వెంకటరావు టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి ఆగితే మీట నొక్కడం, కదిలితే మళ్లీ నొక్కడం ఆయన అలవాటు. ఉద్యోగం పోయినా ఆ పిచ్చి పోలేదు. కరెంటు పోయినా, మా బాగ్‌బేరా వాడకి నీళ్ల ట్యాంకరు రాకపోయినా నొక్కేవాడు. నేనూ అమ్మా నవ్వుకునేవాళ్లం.

ఇవాళ పొద్దున ఆరింటికి నేను డ్యూటీకీ, అమ్మ గోవింద్‌పూర్‌లో పిన్ని వాళ్లింటికీ వెళ్లాం. పదకొండున్నరకి అమ్మ తిరిగొచ్చేసరికి నాన్న నేల మీదున్నాడు. మూతి వంకర పోయింది, మాట లేదు. గడియారం మాత్రం నొక్కి ఉంది, పొడుగు ముల్లు తిరుగుతూనే ఉంది. అమ్మ దాన్ని ఆపి, ఆయన్ని ఆటోలో ఆస్పత్రికి తెచ్చి నాకు ఫోను చేసింది.

నేను చేరేసరికి డాక్టరు ఒకటే అడుగుతున్నాడు, ఎప్పుడు మొదలైందని. నాలుగున్నర గంటల లోపైతే ఇంజెక్షను పనిచేస్తుందట. దాటాక ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చట.

అమ్మ గడియారం నా చేతిలో పెట్టింది. "ఇరవై నిమిషాలేనే కల్యాణీ. నానెల్లేతలికి ఇరవై. ఇంకా శానా టైముంది, డాక్టరికి సెప్పు."

కుడి ముల్లు ఇరవై మీదే ఉంది. కింది ముల్లు ఐదు దాటి ఉంది. మేం గడప దాటిన పది నిమిషాలకే మొదలైంది, అప్పుడే నొక్కాడన్నమాట. ఐదు గంటల ఇరవై నిమిషాలు ఒక్కడే పడి ఉన్నాడు. ఇది నాకెందుకు నేర్పావు నాన్నా అని ఏడుపొచ్చింది.

"ఏటే అలా సూత్తన్నావు? సెప్పు."

"పాంచ్ ఘంటే సే జ్యాదా, మా." ఐదు గంటలు దాటిందని నోట హిందీలోనే వచ్చేసింది, డాక్టరుకి వినపడింది. నర్సు వైపు తిరిగి వద్దని తలూపాడు.

అమ్మ గడియారం లాక్కుని కింది మీట నొక్కింది. ఆగి ఉన్న ముళ్లన్నీ ఒక్కసారే సున్నాకి వచ్చేశాయి. దాన్ని రెండు చేతుల్తో డాక్టరు ముందు పట్టుకుంది.

"అబ్ దేఖియే, బాబూ," ఇప్పుడు చూడమంది.

డాక్టరు చూశాడు కూడా.