రాళ్లవాగు బంగ్లా చివరి పేజీ

చేవెళ్లలో దేవదాస్ కిరాణా దుకాణానికి బోర్డు ఉంది కానీ దాన్ని చదివినవాళ్లు తక్కువ. "చివరి పేజీ సేటు దుకాణం ఎక్కడ?" అని అడిగితే మొయినాబాద్‌లో బస్సెక్కేవాడు కూడా దారి చెబుతాడు. ఏ కాగితమైనా సరే, ఆఖరి పేజీలో ఆఖరి అక్షరం దాకా చదివితే గానీ నోరు విప్పడని ఆయనకు పేరు. హైటెక్ సిటీ లేచినప్పటి నుంచి ఇటువైపు భూములకు రెక్కలొచ్చాయి. మోకిలలో ప్లాట్లట, కనకమామిడిలో ఫామ్‌హౌసులట. పొద్దున లేస్తే ఎవడో ఒకడు కారు దిగి రైతు చేతిలో అగ్రిమెంటు పెడతాడు. ఆ రైతు బస్సెక్కి తిన్నగా దేవదాస్ గల్లా ముందుకొస్తాడు. ఆయన పప్పులో రాళ్లు ఏరినట్టు కాగితమంతా ఏరి, "సంతకం పెట్టొచ్చు" అనో, "వద్దు" అనో చెబుతాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. ఆ పేరే ఆయన ఆస్తి.

అంతటి మనిషికి పదమూడు వారాలుగా అన్నం సయించడం లేదు. కారణం వింటే మనకు నవ్వొస్తుంది, ఆయనకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. టీవీలో 'రాళ్లవాగు బంగ్లా' సీరియల్ వస్తోంది.

దానికి మూలం ఒక పాతకాలపు డిటెక్టివ్ నవల. బంగ్లాలో ముసలి దొర విషం తిని చచ్చిపోతాడు. డాక్టరు, గుమాస్తా, మేనల్లుడు, వంటమనిషి, నలుగురి మీదా అనుమానమే. డిటెక్టివ్ పరంజ్యోతి చివరి రెండు ఆకుల్లో గానీ హంతకుడి పేరు చెప్పడు. ముప్ఫై ఏళ్ల కిందట దేవదాస్ కుర్రవాడిగా ఉన్నప్పుడు, తండ్రి కిరాణా దుకాణంలో ఒక మూలన అద్దె పుస్తకాలు నడిపేవాడు. ఆ నవల రాగానే పదకొండు మంది వరుసలో ఉన్నారు. ముందుగా తనే చదువుతూ, ఇంకో రెండు ఆకులున్నాయనగా భోజనానికి లేచాడు. గల్లా మీద పుస్తకం బోర్లా పడి ఉంది. కిరాణా కొట్లో కాగితం కనబడితే దానికి ఒకటే గతి. తండ్రి ఆ చివరి రెండు ఆకులు సర్రున చింపి, ఎవరో అవ్వకు ఆవాలు పొట్లం కట్టి ఇచ్చేశాడు.

దేవదాస్ ఎంగిలి చేత్తోనే ఆ అవ్వ ఇంటికి పరిగెత్తాడు. ఆవాలు డబ్బాలోకి, కాగితం పొయ్యిలోకి అప్పటికే చేరిపోయాయి.

హంతకుడెవరో తనకే తెలియదు. పదకొండు మందికి ఏం చెప్పాలి? మర్నాడు మధ్యాహ్నం బెల్లం బస్తా మీద కూర్చుని ఆ చివరి పేజీలు తనే రాశాడు. డాక్టరునీ మేనల్లుడినీ వదిలేసి, మెత్తమెత్తగా మాట్లాడే గుమాస్తాను పట్టుకున్నాడు. మైదా జిగురుతో పుస్తకానికి అంటించి, "పేజీలు చినిగినయి. హైదరాబాద్ నుంచి ఇంకో పుస్తకం తెప్పించి నకలు దించిన" అని అందరితో చెప్పాడు. కథ కల్పించడం తప్పు కాదు, నకలు అన్నాడు చూడండి, అదే తప్పు. చేవెళ్ల మొత్తం ఆ కథే చదివింది. తర్వాత పుస్తకాల మూల ఎత్తేశాడు, పుస్తకాలన్నీ పాత కాగితాలు కొనే రద్దీ వాడి బండెక్కి హైదరాబాద్ వెళ్లిపోయాయి. ఆయన కూడా ఆ సంగతి మర్చిపోయాడు. టీవీ వాళ్లు మర్చిపోనిస్తేనా?

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి సీరియల్. దుకాణంలో టీవీ ఉంది కాబట్టి చూసేవాళ్లంతా ఇక్కడే చేరేవారు. అరగంట చూసి, గంటన్నర వాదించుకునేవారు. టమాటాలమ్మే అంతమ్మ గంప దించి గుమ్మం దగ్గరే కూర్చునేది.

"గుమాస్తానే చంపిండు. గప్పుడు మా ఆయన సేటు పుస్తకం చదివి నాకు చెప్పిండు. ఇంక సూసుడెందుకు?" అనేది. అంటూనే ఒక్క వారం కూడా మానేది కాదు.

ఎదురుగా బట్టల దుకాణం శ్యాంసుందర్ మాత్రం మొదటి వారం నుంచే అడ్డం తిరిగాడు. "మా బావమరిది అసలు పుస్తకం చదివిండు. డాక్టరు చంపిండట. దేవదాసన్న నకలు యాడికెల్లి దించిండో మరి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు దేవదాస్ తక్కెడ తుడవడం మొదలుపెట్టాడు.

"మీ బావమరిదికి కండ్లద్దాలు మార్పియ్యి" అంది అంతమ్మ. అందరూ నవ్వారు. శ్యాంసుందర్ మొహం ఎర్రబడింది.

"నవ్వుండ్రి నవ్వుండ్రి. ఆఖరి వారం తెలుస్తది. కథ పుస్తకానికే దొంగ నకలు రాసినోడు, రేపు భూమి కాగితాల ఏం చదివి ఏం చెప్తడో గది గూడ సోంచాయించుండ్రి."

ఆ మాట దేవదాస్ గుండెలో ముల్లులా దిగింది. వాడన్నదాంట్లో అబద్ధమేముంది? దొంగ పేజీ అంటించిన చేతికి ఎవరైనా కాగితం ఎందుకిస్తారు? చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, రెండుసార్లూ మింగేశాడు. పరువు పోతుందన్న భయం ముందు ఎంత చదువరి అయినా పిరికివాడే.

ఆఖరి ఆదివారం రానే వచ్చింది. కనకమామిడి నుంచి రామచంద్రయ్య కూడా వచ్చాడు. అతనికి అక్కడ మూడున్నర ఎకరాలున్నాయి. మూడెకరాలు ఏదో కంపెనీకి అమ్మడానికి మాట ఇచ్చి, బాయి కాడి అరెకరం మాత్రం తనకే ఉంచుకున్నాడు. అగ్రిమెంటు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంకలో ఇరికించుకున్నాడు.

"టీవీ అయినంక చదివి పెట్టు సేటు. బ్రోకరు బుధవారం వేలిముద్ర వెయ్యమంటున్నడు" అన్నాడు. శ్యాంసుందర్ దేవదాస్ వైపు చూసి మీసం దువ్వాడు.

వేళాపాళా లేకుండా పోయే కరెంటు ఆ రోజు పదింటికి పోతే బాగుండునని దేవదాస్ మొక్కని దేవుడు లేడు. మనం వద్దన్నప్పుడు కరెంటు పోతుంది గానీ, పొమ్మంటే పోతుందా? బల్బు నిక్షేపంగా వెలుగుతోంది.

పరంజ్యోతి వేషం వేసినాయన నలుగురినీ హాల్లో కూర్చోబెట్టాడు. డాక్టరు మొహం దగ్గరగా చూపించారు. చెమట కారుతోంది. "సూసిండ్రా?" అన్నాడు శ్యాంసుందర్. దేవదాస్ కళ్లు మూసుకున్నాడు.

"విషం పొట్లంలో వచ్చింది" అంటున్నాడు టీవీలో పరంజ్యోతి. "ఇదిగో కాగితం, జీలకర్ర, దారం. నలుగురూ తలా ఒక పొట్లం కట్టండి."

దేవదాస్ కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి.

డాక్టరు పొట్లం విప్పుకుపోయింది. మేనల్లుడిది ఒలికిపోయింది. వంటామె ముడి మీద ముడి వేసింది. గుమాస్తా మాత్రం దారం రెండు చుట్లు చుట్టి, మెలితిప్పి, కత్తి లేకుండా చిటికెన వేలితో టక్కున తెంపాడు. "కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాడి ముడి ఇది. దొర బల్ల మీద దొరికిన పొట్లానికీ ఇదే ముడి" అన్నాడు పరంజ్యోతి.

ఆ జీలకర్ర దేవదాస్‌దే. ఆ ముడి తన తండ్రి నేర్పింది. బెల్లం బస్తా మీద కూర్చుని తను రాసిన మాటలు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, సూటు వేసుకున్న మనిషి నోట్లోంచి వస్తున్నాయి.

దుకాణం హోరెత్తిపోయింది. "నేను జెప్పలే? గుమాస్తానే!" అని అంతమ్మ గంప మీద చరిచింది. శ్యాంసుందర్ "మా బావమరిది ఏదో వేరే పుస్తకం చదివిండొచ్చు" అని గొణుక్కుంటూ రోడ్డు దాటి వెళ్లిపోయాడు. జనమంతా వాదించుకుంటూ బయటికి నడిచారు. దేవదాస్ స్టూలు మీద కూలబడ్డాడు. ఏం జరిగిందో తెలియదు గానీ పరువు నిలిచింది. పదమూడు వారాల తర్వాత గుండెనిండా ఊపిరి తీసుకున్నాడు.

అప్పుడు భార్య శారదాదేవి లోపలి గుమ్మం నుంచి మెల్లగా అంది. "గటు చూడండి."

టీవీలో పేర్లు పడుతున్నాయి. వాటి వెనక ఒక పాత పుస్తకం అట్ట. మూలన నీలి రంగు గుండ్రటి ముద్ర, సగం చెరిగిపోయింది. 'అద్దె పుస్తకములు, చేవెళ్ల'.

రద్దీ బండెక్కిన పుస్తకం ఏ కోఠీ పాతపుస్తకాల ఫుట్‌పాత్ మీదో టీవీ వాళ్లకు దొరికిందన్నమాట. చేతిరాత పేజీలను వాళ్లూ నకలే అనుకున్నారు.

"మీరు రాసిందే కద?" అంది శారదాదేవి.

దేవదాస్ స్టూలు మీంచి లేచాడు. "నీకెట్ల ఎరుక?"

"షాబాద్ల మా నాయన దగ్గర అసలు పుస్తకం ఉండె. దాంట్ల డాక్టరే. శ్యాంసుందర్ పాపం నిజమే చెప్పిండు. తర్వాత మా అన్న మీ దుకాణంల పుస్తకం కిరాయికి తెస్తే గది గూడ చదివిన. చివరికి రాంగనే కథ వేరేగున్నది. గా చేతిరాత ఎవరిదని అడిగితే, దుకాణం పిలగానిదన్నరు. మల్ల సంవత్సరానికి మీ సంబంధమే వచ్చింది."

"ముప్ఫై ఏండ్లు ఒక్క మాట అనలే నువ్వు!"

"ఏమనాలె? నాకు మీ కథనే నచ్చింది. పొట్లం ముడి చూసి దొంగను పట్టేటోడు ఇల్లు మంచిగనే చూసుకుంటడు అనుకున్న."

ఆయనకు నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. దాచుకున్నది ఒక్కరికైనా తెలుసంటే మనిషికి ఎంత తేలికో ఆ పూట ఆయనకు తెలిసింది.

ఇంతలో రామచంద్రయ్య బయటి నుంచి తిరిగొచ్చి గల్లా మీద కవరు పెట్టాడు. "ఇగ చదువు సేటు. టీవీలోళ్లు గూడ నీ నకలుకే సలాం కొట్టిండ్రు."

దేవదాస్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు. ఒకటో పేజీ, రెండో పేజీ, ఆరో పేజీ దాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆరో పేజీ చివర 'దిగువ తెలిపిన సర్వే నంబర్లు, హద్దులు' అని ఉంది. దిగువ ఏమీ లేదు. ఏడో పేజీ లేనే లేదు.

"చివరి పేజీ ఏది?"

"గంతే ఇచ్చిండ్రు. దాంట్ల హద్దులే ఉంటయట, రిజిస్ట్రేషన్ నాడు పెడ్తమన్నరు. గా పేజీల ఏముంటదో నీకు తెల్వనిదా? నువ్వు మంచిదంటే వేసేస్త."

ఇంకెవరైనా అయితే 'మంచిదే' అనేసేవారే. మూడెకరాలన్నారు, మూడెకరాలే ఉంటాయి, ఇంకేముంటుంది? దేవదాస్ కాగితాలు మడిచి కవర్లో పెట్టేశాడు.

"లేని పేజీ నేను చదవ, రామచంద్రయ్య. ఒక్కపారి చదివినట్టు చెప్పిన. గది చాలు." ఆపైన ఇక ఆగలేక, ఆవాల పొట్లం నుంచి మైదా జిగురు దాకా అంతా చెప్పేశాడు.

రామచంద్రయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "పో సేటు! నువ్వు రాసింది గంత పెద్ద టీవీలోళ్లు తీస్తరా? శ్యాంసుందర్ చిన్నబోయిండని ఆయన మాట నిలబెడ్తున్నవు, నాకు సమజ్ కాలేదనుకున్నవా? నీ మనసు పెద్దది."

నిజం చెబితే పరువు పోతుందని పదమూడు వారాలు భయపడ్డాడు. చెబితే ఇంకాస్త పెరిగింది. ఏం చేస్తాం?

ఏడో పేజీ లేకుండా వేలిముద్ర పడదని రామచంద్రయ్య బ్రోకరుకు గట్టిగా చెప్పాడు. వాడు రెండు రోజులు సణిగి, మంగళవారం తెచ్చి ఇచ్చాడు. దేవదాస్ దాన్ని రెండుసార్లు చదివి, వేలు పెట్టి చూపించాడు. మూడెకరాలు కాదు, మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మొత్తం మూడున్నర. తూర్పున హద్దు బాయికి అవతల ఉంది. బాయి కాడి అరెకరం కూడా పోయేదే.

రామచంద్రయ్య అక్కడే బెల్లం బస్తా మీద కూలబడ్డాడు. చాలాసేపు మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. "బతికిన సేటు" అన్నాడు చివరికి. "గా బాయి మా బాపు తవ్విండు. ఆదివారం నేను అడిగినప్పుడు నువ్వు ఏదో ఒకటి చెప్పి ఉంటే?"

"చెప్తే మంచిగనే చెప్తుంటి" అన్నాడు దేవదాస్. "నాకు చివరి పేజీలు మంచిగ రాయొస్తది."

రామచంద్రయ్య నవ్వబోయి ఆగాడు. దేవదాస్ మొహంలోకి తేరిపార చూశాడు. లోపలి గుమ్మంలో శారదాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అయితే... గది నిజమేనా?" అన్నాడు.

దేవదాస్ తలూపాడు. రామచంద్రయ్య ఏడో పేజీని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసి, కాగితాలన్నీ కలిపి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు.

"ఇగ ఎప్పటికైనా నువ్వే చదువు, సేటు. లేని పేజీ రాసినోనికే లేని పేజీ కనపడ్తది."