రెండో సంతకం

మొదటి సంతకం గబగబా పెట్టేస్తుంది. రెండోదానికే కాస్త ఓపిక కావాలి. కలాన్ని వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, మొదటి అక్షరాన్ని గుండ్రంగా తిప్పి, చివరి తోకను పైకి లాగి, దాని కింద చిన్న చుక్క పెట్టాలి. మూడేళ్ల అలవాటు. ఇప్పుడు ఆ సంతకాన్ని దాని సొంతదారుకంటే ఆమే బాగా పెడుతుంది.

ఉదయం ఎనిమిది గంటలు. ఛాతీ జబ్బుల వార్డు, మగవాళ్లది. ముప్పై ఆరు మంచాలు, ముప్పై తొమ్మిది మంది రోగులు. ఎక్కువైన ముగ్గురికీ వరండాలో పరుపులు వేశారు. డ్యూటీ పుస్తకంలో పగటిపూటకు ఇద్దరు నర్సులు. వార్డులో ఒక్కతే.

ఆమెను అందరూ పెద్ద సిస్టర్ అంటారు. చిన్న సిస్టర్ లేకుండా పోయినా ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. చిన్న సిస్టర్ ఆమె తోడికోడలు. అన్నదమ్ములిద్దరిని చేసుకుని, ఒకే ఇంట్లో కాపురాలు చేస్తూ, ఇదే వార్డులో పద్నాలుగేళ్లు కలిసి పనిచేశారు. మూడేళ్ల కిందట చిన్నామెకు నడుము పట్టేసింది. వంగితే లేవలేని పరిస్థితి. ఎవరెవరినో బతిమాలి ఆరోగ్యశాఖ పెద్దాఫీసులో డిప్యుటేషన్ మీద కుర్చీ పని సంపాదించుకుంది. మనిషి వెళ్లింది గానీ పోస్టు వార్డులోనే ఉంది. జీతం కూడా వార్డు పేరు మీదే వస్తుంది. ఇద్దరి సంతకాలు లేనిదే వార్డు నడపకూడదని నిబంధన. "కొన్నాళ్లే అక్కా, ఇంకొకరిని వేసేదాకా," అంటూ ఆ రోజు చేతులు పట్టుకుంది. ఆ కొన్నాళ్లు ఇంకా గడవలేదు.

పెద్ద సిస్టర్ పుస్తకం మూసి లేచింది. యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. మందు సీసాల మెడలు విరిచి విరిచి కుడి బొటనవేలి మీద తెల్లటి గీతలు పడ్డాయి. నడిచేటప్పుడు ఎడమ మడమ నేలకు కొంచెం రాసుకుంటుంది. కళ్లు మూసుకుని పడుకున్న రోగులు కూడా ఆ చప్పుడును బట్టి ఆమె ఏ మంచం దగ్గరుందో చెప్పేస్తారు. ఒకటో మంచం నుంచి మొదలుపెట్టి జ్వరం చూసి, నాడి చూసి, మాత్రలు మింగించి, దుప్పటి సరిచేసి ముందుకు కదులుతుంది. ఎవరి దగ్గరా రెండు నిమిషాలు దాటకూడదు. దాటితే చివరి మంచానికి మధ్యాహ్నమే.

పదిహేడో మంచం దగ్గర మాత్రం రోజూ రెండు నిమిషాలు దాటుతాయి. అక్కడున్నది కండక్టర్ బాబాయి. ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు కొట్టి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకుని వచ్చాడు. ఇప్పుడు కోలుకున్నాడు. రేపు ఇంటికి పంపుతారు.

"అమ్మాయ్, ఆ గోడమీద కాగితం చదివావా?"

"చదివే తీరికుంటే నేనే ఒక మంచం చూసుకుని పడుకునేదాన్ని బాబాయ్. చెయ్యి ఇటివ్వు."

"నర్సుల మీద ప్రభుత్వం సర్వే చేస్తుందట. ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు పనిచేస్తున్నారు అని. అడగబోయే ప్రశ్నలన్నీ అందులో వేశారు. వాటిలో ఏం మార్చాలో ప్రజలు కూడా చెప్పొచ్చట. ఇవాళ సాయంత్రం ఐదుదాకా గడువు. కింద ఆఫీసు ముందు పెట్టె పెట్టారు."

"అడగాల్సిందీ మనమే చెప్పి, జవాబులూ మనమే రాసేస్తే వాళ్లకు బోలెడు శ్రమ తగ్గుతుంది."

బాబాయి నవ్వలేదు. దిండు కింది నుంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు, టికెట్ మీద రాసినట్టు పొదుపుగా ఉన్నాయి.

"ఏడో ప్రశ్నలో మీ వార్డులో ఎంతమంది నర్సులు పనిచేస్తున్నారని అడిగారు. దానికి పుస్తకం చూసి జవాబు రాస్తారు. అలా కాకుండా, ఈ నిమిషంలో వార్డులో నిలబడి ఉన్న నర్సులు ఎంతమంది అని అడగండి. నేనున్న వార్డులో పుస్తకం ప్రకారం ఇద్దరు. ఇరవై రెండు రోజులుగా పగలు నేను చూసింది ఒక్కరినే."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పుస్తకంలో ఇద్దరని నీకెవరు చెప్పారు?"

"చెకింగ్‌వాళ్లు బస్సెక్కితే ముందు టికెట్లు చూడరమ్మా, తలలు లెక్కపెడతారు. నాకూ అదే అలవాటైంది. నువ్వు రోజూ పొద్దున్నే రెండుసార్లు కలం కదుపుతావు. రెండోసారి బళ్లో పిల్లలా నాలుక కొస బయటపెడతావు."

ఆమె కాగితాన్ని గబగబా మడిచేసింది. "ఇది బయటికెళితే నా ఉద్యోగం పోతుంది బాబాయ్. ఇంకా పది నెలల సర్వీసుంది."

"అందుకే నీ చేతికిచ్చాను. వెయ్యాలనిపిస్తే వెయ్యి, లేదంటే చింపెయ్. రేపు ఇంటికెళ్లిపోయేవాణ్ని, నాదేముంది? నా తర్వాత ఈ మంచం మీదికొచ్చేవాడి గురించే."

ఆమె కాగితాన్ని కోటు జేబులోకి తోసి పద్దెనిమిదో మంచం వైపు నడిచింది. మడమ చప్పుడు ఆ పూట కొంచెం తొందరగా వినిపించింది.

ఒంటిగంటకు, మందుల గదిలో స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేసరికి ఫోన్ మోగింది. తోడికోడలు.

"అక్కా, తిన్నావా?"

"తింటున్నాను, చెప్పవే."

"వచ్చే నెల సర్వే ఫారాలు మీ వార్డుకొస్తాయి. ఏడో ప్రశ్న దగ్గర ఇద్దరని వేసెయ్, ఆలోచించకు. ఏ కాగితంలోనైనా లెక్క తేడా వస్తే డిప్యుటేషన్లన్నీ రద్దు చేసి వెనక్కి తోలేస్తానని మా ఆఫీసు పెద్దాయన ఇవాళ అందరి ముందూ అన్నాడు."

"ఒక్కదాన్నే ఉంటే ఒక్కరనే కదే రాయాలి?"

"మూడేళ్లుగా రాయనిది ఇప్పుడేం కొత్తగా రాస్తావ్? మళ్లీ ఆ మంచాల దగ్గర వంగానంటే నన్ను నలుగురు మోసుకెళ్లాలి. నీ మరిది ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఇంకా పూర్తికాకముందే అవతలి గొంతు మారింది. "అయినా నా సంతకం నేను పెట్టలేదు అక్కా. నువ్వు పెట్టావు. ఆ సంగతి మర్చిపోకు."

అది వేళాకోళమో, బెదిరింపో ఆ గొంతును బట్టి పోల్చుకోవడం కష్టం. ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్లు నిలబడిన మనిషి మాట. పెద్ద సిస్టర్ ముద్ద కలిపింది గానీ నోటిదాకా పోలేదు. డబ్బా మూత పెట్టేసింది.

జేబులో కాగితం తొడకు తగులుతూనే ఉంది. చింపడానికి చేతులు రాలేదు. పెట్టెలో వేయడానికి కాళ్లు రాలేదు. ఐదు దాటిపోతే ఇక తను చేయగలిగింది ఏమీ ఉండదు కదా అనిపించింది. గడియారం మీదికి నెట్టేయడం ఎంత సుఖం!

రెండు గంటలకు ఆమె రోజూ చేసే పనే చేసింది. వార్డులో ఒంటరిగా ఉండే నర్సులందరూ చేసేదే, ఎవరూ పైకి చెప్పనిదే. రెండింటికి చూసిన నాడి, రక్తపోటు రాస్తూ, నిలకడగా ఉన్నవాళ్లకు నాలుగు గంటల గడి కూడా అప్పుడే నింపేసింది. నాలుగింటికి సూదిమందుల వేళ. ముప్పై తొమ్మిది మందిని మళ్లీ చూడటం రెండు చేతులతో అయ్యేది కాదు. బాగా నీరసించిన రోగులకు ఎక్కువ సమయమిచ్చి, కోలుకుంటున్నవాళ్ల దగ్గర ఇలా మిగుల్చుకుంటుంది. పదిహేడో మంచం, నాలుగు గంటలు, నాడి డెబ్బై ఎనిమిది.

మూడుంబావుకు నాలుగో మంచం మీది ఆటో డ్రైవర్ దగ్గుతూ లేచి కూర్చున్నాడు. రెండో దగ్గుకు దుప్పటి ఎర్రబడింది. మూడో దగ్గుకు నోటినిండా రక్తం. పెద్ద సిస్టర్ పరిగెత్తింది. అతన్ని పక్కకు తిప్పి, గొంతులో గొట్టం పెట్టి రక్తం లాగుతూ, "డాక్టర్ గారిని పిలువ్, పరిగెత్తు!" అని ఆయా మీద అరిచింది. ఆక్సిజన్ సిలిండర్ మర బిగుసుకుపోయి తిరగలేదు. కోటు అంచు చుట్టి తిప్పింది. అరచేయి చీరుకుపోయింది. ఆ మనిషి ఆమె మణికట్టును పట్టుకుని వదల్లేదు. కుర్ర డాక్టర్ వచ్చాడు. ఇద్దరూ కలిసి మందెక్కించారు, రక్తపు గడ్డలు తీశారు. మళ్లీ మందెక్కించారు. ఇరవై నిమిషాలకు దగ్గు తెరిపిచ్చింది. ఆటో డ్రైవర్ కళ్లు తెరిచి, ఎవరినో తిట్టాడు. బతికాడన్నమాట.

ఆమె నుదుటి చెమట భుజానికి తుడుచుకుని వార్డంతా ఒకసారి కళ్లతో చూసింది. పదిహేడో మంచం మీద కండక్టర్ బాబాయి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంత గోలలో నిద్రపోయే మనిషి కాదు.

ఆమె నడిచిన ఆ పదమూడు మంచాల దూరంలో మడమ చప్పుడు వినబడలేదు. మునివేళ్ల మీద నడిచింది, లేపకూడదన్నట్టు. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఎంతసేపు వెతికినా వేలి కింద ఏమీ కదల్లేదు.

డాక్టర్ పరిగెత్తుకొచ్చి ఛాతీ మీద చేతులు మోపి ఒత్తాడు. పది నిమిషాల తర్వాత చేతులు తీసేశాడు. గుండె ఉన్నట్టుండి ఆగిపోయి ఉంటుందన్నాడు. పక్కనే మనిషుంటే ఏమయ్యేదో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. టైము రాయడానికి చార్టు తీసి అలాగే నిలబడిపోయాడు.

"సిస్టర్, నాలుగింటికి నాడి డెబ్బై ఎనిమిదని ఉంది."

"అవును."

"ఇంకా నాలుగు కాలేదు."

ఆమె బాబాయి మీది దుప్పటి సరిచేసింది.

డాక్టర్ అటూ ఇటూ చూశాడు. మంచి కుర్రాడు. అతని అమ్మ వయసుంటుంది ఆమెకు. "కొత్త చార్టు రాసేయండి. నేను చూడలేదు. రెండో సిస్టర్ ఎక్కడికెళ్లిందంటే... మందులు తేవడానికి వెళ్లిందని రాద్దాం."

"మూడేళ్ల నుంచి మందులే తెస్తోంది బాబూ," అంది ఆమె. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆ చార్టు అలాగే ఉంచండి. నేనున్నది ఒక్కదాన్ని. ఒక్కరనే రాయండి."

"మిమ్మల్ని సస్పెండ్ చేస్తారు సిస్టర్!"

"చెయ్యనివ్వండి. ఒక పది నిమిషాలు మీరు ఈ కుర్చీలో కూర్చుంటారా? నాలుగో మంచం ఒక్కటి చూస్తుండండి."

మూడేళ్లలో డ్యూటీ వేళలో ఆమె వార్డు గడప దాటడం అదే మొదటిసారి. దాటేముందు డ్యూటీ పుస్తకం తెరిచి, పొద్దున తను అంత ముద్దుగా పెట్టిన రెండో సంతకం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన "నేనే పెట్టాను" అని రాసి సంతకం చేసింది. మెట్ల మీద నిలబడి బాబాయి కాగితం విప్పి, చివర ఖాళీగా ఉన్న చోట రెండు వాక్యాలు చేర్చింది. "ఇది రాసిన మనిషి ఈ రోజు మధ్యాహ్నం చనిపోయాడు. ఆ నిమిషంలో వార్డులో నిలబడి ఉన్న నర్సును నేనొక్కదాన్నే, నేను నాలుగో మంచం దగ్గర ఉన్నాను." కింద తన పూర్తి పేరు, ఉద్యోగం నంబరు.

ఆఫీసు గది ముందు గుమాస్తా పెట్టెకు లక్క వేయడానికి కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు.

"ఐదు కాలేదుగా?"

"ఇంకా ముప్పావుగంటుంది, ఇక ఎవరూ రారని ముందే సర్దుతున్నా. వెయ్యండి సిస్టరమ్మా. నెల రోజుల్లో మీది నాలుగోది. మిగతా మూడింట్లో రెండు క్యాంటీన్ టీ మీద ఫిర్యాదులే."

కాగితం లోపల పడిన చప్పుడు కూడా రాలేదు.

మెట్లెక్కుతూ తోడికోడలికి ఫోన్ చేసింది. దాచడం ఆమెకు చేతకాదు, ఒకే ఇంట్లో అసలే కుదరదు.

"రేపటినుంచి నీ సంతకం నేను పెట్టను చెల్లీ. ఇన్నాళ్లు పెట్టానని కూడా రాసిచ్చేశాను."

అవతలి నుంచి సన్నగా, "నా నడుము విరగ్గొట్టావు కదక్కా," అని వినిపించింది.

"తెలుసు. ఇంటికొచ్చాక తిట్టు. ఇక్కడొక మనిషి పోయాడు."

వార్డులోకి వచ్చేసరికి బాబాయిని తీసుకెళ్లిపోయారు. డాక్టర్ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. నాలుగు గంటలకు ఇవ్వాల్సిన సూదిమందులు ఇంకా ట్రే మీదే ఉన్నాయి. రోగులందరూ కళ్లు తెరిచే ఉన్నారు గానీ ఎవరూ ఆలస్యం గురించి అడగలేదు. ఆయా పదిహేడో మంచం దుప్పటి తీసి చుడుతోంది.

"మధ్యాహ్నం నన్ను సూది, దారం అడిగాడమ్మా," అంది ఆయా. "రేపు ఇంటికెళ్లడానికి చొక్కా గుండీ ఊడిందట. సిస్టరమ్మ కుట్టిపెడుతుందిలే, ఆగమన్నాను. ఆవిడకు చెయ్యి ఖాళీ లేదు, నేను కుట్టుకుంటాలే అని తీసుకున్నాడు."

మంచం పక్క కిటికీ గడియకు తగిలించి, ఉతికి ఆరేసిన నీలం చొక్కా ఒకటి ఉంది. దాని గుండీకున్న నాలుగు కన్నాల్లో రెండింటిలోంచే దారం దూరింది. మిగిలిన దారం కొసన సూది, గాలి వచ్చినప్పుడల్లా కదులుతూ వేలాడుతోంది.