పదిహేడో నంబరు బస్సులో గొంతు

రోజూ పొద్దున్నే ఐదున్నరకి లేచి కండక్టరు తన బూట్లు తుడుచుకునేవాడు. రిటైరై పధ్నాలుగు నెలలైంది. ఆ బూట్లు వేసుకుని వెళ్ళాల్సిన చోటేమీ లేదు. అయినా మెరిసేదాకా తుడిచి, గుమ్మం పక్కన జతగా పెట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూలబడేవాడు. కూతురు కళ్ళజోళ్ళ దుకాణానికి బయల్దేరుతూ, "నాన్నా, భోజనం మూతపెట్టి ఉంది, చల్లారిపోనివ్వకు" అంటే తలూపేవాడు. సరేనమ్మా అనడానికి ఆయనకి గొంతు లేదు.

అది జబ్బు చేసి పోయిన గొంతు కాదు. ఆఖరి డ్యూటీ రోజు డిపోలో తోటివాళ్ళు చేతులు కలిపి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి పంపించారు. ఇంటికొచ్చి "వచ్చేశానమ్మా" అందామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మనిషి దిగాడు గానీ గొంతు దిగలేదు. మర్నాడు పదిహేడో నంబరు బస్సులో, వెనక తలుపు దగ్గర, ముప్పై ఏళ్ళు ఆయన ఆనుకుని నిలబడ్డ కమ్మీ పక్కనుంచి అది యథాప్రకారం స్టాపులు పిలిచింది. కొత్తగా డ్యూటీకొచ్చిన కండక్టరమ్మాయి, తనకి అరిచే పని తప్పినందుకు సంతోషించి, టికెట్లు కొట్టుకుంటూ పోయింది.

కూతురు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు టార్చి వేసి లోపలికి చూశాడు.

"దెబ్బేం తగల్లేదు. గొంతు ఇక్కడ లేదు, అంతే. ఏ రూటు?"

"పదిహేడు" అంది కూతురు.

"ఓహో, అదా. మొన్న నేనూ విన్నాను. లోపలికి జరగమంటే జరిగాను కూడా." డాక్టరు టార్చి ఆపి అడిగాడు, "రోజంతా ఏం చేస్తారండీ?"

కండక్టరు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి 'కుర్చీ' అని రాసి చూపించాడు. డాక్టరు అది చదివి, చీటీ మీద మాత్రల పేర్లేవీ రాయకుండా ఒక అడ్రసు రాశాడు. లైబ్రరీ మేడ మీద హాలు, మంగళ, శుక్రవారాలు, ఉదయం పది గంటలకి.

"ఇది మందుల షాపులో దొరకదు. మెట్లెక్కి వెళ్ళి తెచ్చుకోవాలి" అన్నాడు.

ఆ హాల్లో పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేసి ఉండేవి. అందులో కూర్చున్నవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే. నడిపేది ఒక నర్సు. ముందు కూర్చున్నచోటే చేతులూ కాళ్ళూ ఆడించమనేది. తర్వాత ఎవరికి వచ్చిన పని వాళ్ళని చేసి చూపించమనేది. ఒక ముసలి వడ్రంగి రంపానికి పదును పెట్టడం నేర్పిస్తే, పదకొండుమంది తలలు వంచి మరీ చూశారు. ఎలా ఉన్నారని మాత్రం ఆవిడ ఎవర్నీ అడిగేది కాదు. అడిగితే అందరూ బాగున్నామని అబద్ధమాడతారని ఆవిడకి తెలుసు. "నిన్న ఎవరితో మాట్లాడారు?" అని అడిగేది. కండక్టరు మొదటిరోజు 'మా అమ్మాయితో' అని రాసి, అబద్ధం చేతకాక కొట్టేశాడు.

మూడోవారం నర్సు ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాబాయిగారూ, మీకో పని. లెక్కల టీచరమ్మగారు రెండుసార్లొచ్చి మానేశారు. చూపు ఆనడం లేదు. ఏ స్టాపులో దిగాలో తెలియక ఒకరోజు ఊరిచివర గోదాముల దాకా వెళ్ళిపోయారట. మీరు వెళ్ళి తీసుకురావాలి."

ఆయన నోటుపుస్తకం మీద 'ఏ బస్సు?' అని రాశాడు. జవాబు తెలిసే రాశాడు.

"పదిహేడే. మీకు మాట లేదు, ఆవిడకి చూపు లేదు. ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి."

నర్సు ఈ మాట చెప్పినప్పుడు టీచరమ్మ ఒప్పుకోలేదు. "లెక్క తప్పు. ఆయనకి మాట తప్ప అన్నీ ఉన్నాయి, నాకు చూపు తప్ప అన్నీ ఉన్నాయి. కలిపితే దగ్గర దగ్గర రెండొస్తుంది" అంది. పొట్టిగా, నిటారుగా ఉండే మనిషి. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి, ఇప్పుడు సందు చివర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది.

రిటైరయ్యాక కండక్టరు ఆ బస్సెక్కలేదు. ఆ రోజు సందు మొదట్లో స్టాపులో, టీచరమ్మని వెంటబెట్టుకుని మెట్టు మీద కాలు పెడుతుంటే అత్తగారింటి గడప తొక్కే కొత్తల్లుడిలా ఒళ్ళంతా బిగుసుకుపోయింది. తలకి కాస్త పైనుంచి గొంతు పిలిచింది. "రండి టీచరమ్మా, నిదానంగా. లోపలికి జరగండి బాబూ, లోపల బోలెడంత చోటుంది." ఆయనకి చెప్పలేనంత ఆశ్చర్యమేసింది. తన గొంతు ఇంత బాగుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

టీచరమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుంది. నోటుపుస్తకం ఆవిడకి పనికిరాదు కాబట్టి, చేతి మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు అని ఒప్పందం చేసుకున్నారు. తర్వాత ఆవిడ పైకి మొహమెత్తి గొంతునే పలకరించింది.

"ఇన్నేళ్ళు ఇదే దారిలో తిరిగారు కదా, విసుగనిపించలేదా?"

"విసుగెందుకమ్మా" అంది గొంతు. "సాయంత్రం ట్రిప్పులో దిగేవాళ్ళని చూస్తూ ఉండేవాణ్ణి. ఈయనకి తలుపెవరు తీస్తారో, ఆవిడ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో అనుకునేవాణ్ణి. మా ఆవిడ పోయాక నాకు ఇంటికి వెళ్ళడమంటే భయం పట్టుకుంది. పాపం అమ్మాయి అలిసిపోయి వస్తుంది, దానికి నా ఏడుపెందుకని మింగేసేవాణ్ణి."

కండక్టరు నోరు తెరుచుకుని విన్నాడు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అసలు తనతో తను కూడా అనుకోలేదు.

"ఇది మీకు తెలుసా?" అని టీచరమ్మ ఆయన్ని అడిగింది.

ఆయన ఆవిడ చేతి మీద రెండుసార్లు తట్టాడు.

అప్పట్నుంచి ఆయన మంగళ, శుక్రవారాల కోసం వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఎదురుచూసేవాడు. టీచరమ్మ ఈసారి ఏమడుగుతుంది, తన గొంతు ఏం చెబుతుంది, తన కడుపులో ఇంకా ఏమేం ఉన్నాయి అని ఆరాటం. చిన్నప్పుడు పందెం కట్టి వంతెన మీంచి ఏట్లోకి దూకబోయి దూకలేక వెనక్కొచ్చిన సంగతి గొంతు చెబితే, టీచరమ్మ పడీపడీ నవ్వింది. పక్కసీట్లవాళ్ళు కూడా నవ్వారు. కూతురికి ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ఆ సంగతంతా నాలుగు పేజీలు రాసి చూపించాడు. అది చదువుతూ, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది.

వానలు మొదలైన వారంలో ఒక మంగళవారం టీచరమ్మ కిటికీవైపే తిరిగి కూర్చుంది. పెద్దాసుపత్రి దాటాక నెమ్మదిగా అంది.

"నిన్న కంటి డాక్టరుకి చూపించుకున్నాను. మిగిలిన కాస్తా ఏడాదిలోపే పోతుందట. ఆపరేషనుకి లొంగేది కాదట. బోర్డు మీద అంకె కనబడని మనిషి ఎవరికి ఏం పనికొస్తుంది చెప్పండి?"

గొంతు జవాబివ్వలేదు. స్టాపు కూడా పిలవలేదు. కండక్టరమ్మాయే తడబడుతూ "లైబ్రరీ, లైబ్రరీ" అని అరిచింది. కండక్టరుకి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఒకసారి తట్టాలో రెండుసార్లు తట్టాలో తెలియక ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మూడురోజులు ఆయన్ని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

శుక్రవారం టీచరమ్మ సందు మొదట్లో లేదు. ఎప్పుడూ పది నిమిషాలు ముందే వచ్చి నిలబడే మనిషి. కండక్టరు గొడుగు పట్టుకుని అటూ ఇటూ చూస్తుండగానే పదిహేడో నంబరు వచ్చి ఆగింది. ఆయన ఎక్కలేదు. అప్పుడు వెనక తలుపులోంచి గొంతు దిగింది. దిగడం ఎవరికీ కనబడలేదు గానీ, "జరగండి, కాస్త దారివ్వండి" అనే మాట మెట్ల మీదుగా కిందికొచ్చి, బురదలో ఆయన పక్కన ఆగింది. డ్రైవరు అద్దంలో చూసి ఇంజను ఆపేశాడు.

ఆయన సందులోకి పరిగెత్తినంత పని చేశాడు. తలుపుకి లోపలి గడియ వేసి ఉంది. గుమ్మం ముందు పాల ప్యాకెట్లు రెండు వానకి తడుస్తున్నాయి. కొట్టాడు. కిటికీలోంచి చూస్తే మంచం మీద ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి మెల్లగా లేచి పడుతోంది. చేయి ఊపితే ఆవిడకి కనబడదు. కొడితే ఎవరో అనుకుంటుంది. ఆయన నోరు తెరిచాడు. చల్లటి నీళ్ళు మింగినట్టు గొంతు లోపలికి దిగి, దాని చోట్లో అది సర్దుకుంది.

"టీచరమ్మా" అన్నాడు.

కిటికీ ఊచలు పట్టుకుని మళ్ళీ పిలిచాడు.

"టీచరమ్మా, నేను, కండక్టర్ని."

"వెళ్ళండి" అంది ఆవిడ, అటే తిరిగి. "నాకు లేవాలని లేదు. నిన్నట్నుంచీ లేదు."

లేవాలండీ, ధైర్యంగా ఉండాలండీ అని చెప్పడం ఆయనకి రాదు. వచ్చిందే చెప్పాడు.

"బస్సు ఆగి ఉందమ్మా."

"ఏ బస్సు?"

"పదిహేడు. సందు మొదట్లో. మీరు రానిదే కదలదు."

ఆవిడ ఇటు తిరిగింది. "జనం ఉన్నారా?"

"ముప్పై ఎనిమిదిమంది. నిలబడ్డవాళ్ళు కాక."

"అయ్యో రామ, అంతమందిని ఆపేస్తారా" అని ఆవిడ లేచి కూర్చుంది. మంచం పట్టె పట్టుకుని కాళ్ళు కింద పెట్టింది. జుట్టు ముడేసుకోవడానికీ, చెప్పులు వెతుక్కోవడానికీ, గడియ తీయడానికీ చాలాసేపు పట్టింది. తలుపు తెరుచుకుంది. కండక్టరు గొడుగు పట్టాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

బస్సులో ఎవరూ సణగలేదు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచారు. ఎవరో బిస్కెట్ల పొట్లం ఆవిడ ఒళ్ళో పెట్టారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

"అయితే ఈ గొంతు మీలోకి వచ్చేసిందన్నమాట" అంది టీచరమ్మ, రెండో బిస్కెట్టు నములుతూ.

"వచ్చింది."

"ఉంటుందా?"

"అడగలేదమ్మా."

ఆ రోజు పదిహేడో నంబరు పంతొమ్మిది నిమిషాలు ఆలస్యంగా నడిచింది. ప్రతి స్టాపులోనూ తడిసిన జనం ఎక్కుతూ ఇంత ఆలస్యమేమిటని అడిగారు. మొదటి స్టాపులో కండక్టరు కమ్మీ పట్టుకుని నిలబడి, టీచరమ్మ కోసం ఆగామని చెప్పాడు. రెండో స్టాపులోనూ ఆయనే చెప్పాడు. పెద్దాసుపత్రి దగ్గర ఒక లావుపాటాయన గొడుగు దులుపుకుంటూ, "ఎవరికోసం ఆపారయ్యా బస్సు?" అని గట్టిగా అడిగాడు. కండక్టరు నోరు తెరిచేలోపే టీచరమ్మ వెనక బెంచీదాకా వినబడేలా చెప్పింది.

"నా కోసం."