తలకిందుల మంట

కొత్త బొగ్గుపెళ్లని లుద్విక్ బొటనవేలితో రుద్దాడు, వాసన చూశాడు, నాలుక కొసకి తాకించి ఉమ్మేశాడు. రష్యా సరిహద్దు ఊరు బ్రానియెవోలోని బొగ్గు డిపోకి ఏ ఊరి బొగ్గొచ్చినా ముప్పై ఒక్క ఏళ్లుగా ముందు ఇదే పని. దీనికెవరూ జీతమివ్వరు, జీతం పార పట్టినందుకే.

పొట్టి మనిషి. వంగిన నడుము, గోళ్ల చుట్టూ ఏ సబ్బుకీ లొంగని నలుపు. డిపో వెనక రష్యా నుంచి వచ్చే వెడల్పు రైలుపట్టాలు తుప్పెక్కుతున్నాయి. యుద్ధం మొదలయ్యాక ఆ బొగ్గు ఆగింది. ఇప్పుడు కొలంబియాది ఓడలో రేవుపట్నం గ్డాన్‌స్క్‌కి, అక్కణ్ణుంచి లారీల్లో ఇక్కడికి. ఈ చలికాలానికి ఊళ్లో ఉన్నది అదొక్కటే.

పొద్దున్న ఏడింటికే ముసలి యాద్విగా వచ్చింది, చక్రాల సంచీ ఈడ్చుకుంటూ.

"ఇదిగో, మీ బొగ్గు మీరే కాల్చుకోండి! సాయంత్రం వెలిగిస్తే పడుకునేసరికి బూడిద. మా ఆయనకి ఊపిరి ఎంతమాత్రం ఆడుతుందో తెలుసుగా? తెల్లారేసరికి చలికి పెదాలు నీలంగా ఉన్నాయి."

"ఎలా వెలిగించారు?"

"ఎలా ఏమిటి? కింద కాగితం, పుల్లలు, పైన బొగ్గు. మా అమ్మ నేర్పినట్టే. సైబీరియా బొగ్గుకి ఏ రోగమూ లేదే!"

కాటా చూసే బోజెనా గదిలోంచి తల బయటపెట్టింది. "ఫోన్లో చూశానండీ, కొలంబియాలో అన్నీ కొబ్బరిచెట్లే. పుట్టి బుద్ధెరిగి చలిపొయ్యి మొహం చూడనివాళ్లు మనకి నిప్పు పంపుతున్నారు."

లుద్విక్ నవ్వలేదు. "సంచీ సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, యాద్విగా గారూ. ఇది నిలిచి కాలకపోతే మా ఇంట్లో పాత సైబీరియాది రెండు బస్తాలుంది. అది మీది."

"మరి నువ్వో?"

"నేనొక్కణ్ణే. కోటు వేసుకు పడుకుంటా."

ఆమె వెళ్లాక లుద్విక్ కాటా గది ఇనపపొయ్యి నిండా అదే కొత్త బొగ్గు పేర్చి, పైన పుల్లలు పెట్టి, పైనుంచే అంటించాడు.

"పొయ్యి చేత శీర్షాసనం వేయిస్తున్నారేంటండీ?" అంది బోజెనా.

"ఇది కొవ్వెక్కువ బొగ్గు, వేడెక్కితే మండే ఆవిరి వదిలే రకం. కిందనించి అంటిస్తే అంతా ఒక్కసారే లేచిపోతుంది. నిప్పు పైనించి నెమ్మదిగా తినుకుంటూ దిగితే ఆగుతుందేమో. చూద్దాం."

గంటగంటకీ గోడ మీద సుద్దగీత గీస్తూ వచ్చాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

అతను రాజధాని వార్సా దాటి ఎరగడు. దేశాలే అతని దగ్గరికొచ్చాయి: కాటా గది కిటికీ గట్టు మీద ఆరు బొగ్గుపెళ్లలు, ఒక్కోదాని కింద అది వచ్చిన చోటు పేరు రాసిన కాగితం ముక్క. మధ్యాహ్నం బొగ్గుకుప్పలో రాళ్లేరుతుంటే ఒక రాతిపలక దొరికింది. దాని మీద వెడల్పాటి ఆకు అచ్చు, ఈనెలతో సహా. సైబీరియా రాళ్ల మీద ఎప్పుడూ దువ్వెన పళ్లలాంటి ఆకులే చూశాడు. ఇలాంటిది ఇదే మొదలు.

"ఇది ఏ చెట్టుదంటావ్?" అని బోజెనాని అడిగాడు.

"నన్నడుగుతారేంటి? మా బాల్కనీలో తులిప్ పూలమొక్క కూడా బతకదు."

"అయితే ఇందులో కాలేది ఈ అడవేనన్నమాట," అన్నాడు పొయ్యివైపు చూస్తూ. ఎడమభుజం రుద్దుకుని, రొట్టె సగం తిని, మిగతాది కాగితంలో చుట్టాడు.

వరసగా లారీలొచ్చాయి. బోజెనా నాలుగింటికి గానీ గదిలోకి రాలేకపోయింది. లుద్విక్ కుర్చీలో కూర్చునే ఉన్నాడు, చేతిలో సుద్దముక్క, కళ్లు పొయ్యివైపే. గోడ మీద చివరి గీత మధ్యాహ్నం రెండింటిది. ఆమె పిలిచింది. చెయ్యి పట్టుకుంది. పొయ్యికి దగ్గరగా ఉన్నా చల్లగా ఉంది.

డాక్టరొచ్చి, చూసి, గుండె ఆగిందని కాగితం రాసి వెళ్లాడు. అంబులెన్సు తీసుకెళ్లింది.

అయిదున్నరకి యాద్విగా వచ్చేసరికి బోజెనా పొయ్యి తలుపు తీసి చూస్తోంది. అడుగున ఇంకా జానెడు ఎర్రటి నిప్పుంది. విషయం విని ముసలామె శిలువ గుర్తు వేసుకుంది.

"బొగ్గు కింద, పుల్లలు పైన," అంది బోజెనా. "అంటించాక కెలక్కండి. పది గంటలు ఆగుతుంది. ఆయన చూశాడు."

యాద్విగా సంచీ తీసుకుని వెళ్లింది. బోజెనా, లుద్విక్ చేతిలోంచి నేల మీద పడిన సుద్దముక్క ఏరి, రెండింటి గీత పక్కన మూడింటిది, నాలుగింటిది, అయిదింటిది తనే గీసింది.

కిటికీ గట్టు మీద ఏడోదిగా ఆ పలక ఉంది. దాని కింద కాగితం మీద లుద్విక్ చేతిరాతతో 'కొలంబియా' అని రాసి, పక్కన చెట్టు పేరు కోసం కొంత చోటు వదిలిపెట్టి ఉంది.