సగం కోసిన గేటు కర్ర

ఆ మంగళవారం మూడు గంటలకు పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడని తెలిసి, పొద్దున్నే చెక్‌పోస్టు గోడకు ఒక కాగితం అతికించారు. అందులో చేయవలసిన పనులు ఇలా ఉన్నాయి:

గేటు కర్రకు ఎరుపు, తెలుపు రంగులు కొత్తగా వేయవలెను.
పాత తాడు తీసి కొత్త తాడు కట్టవలెను. ముడి రెండుసార్లు వేయవలెను.
ప్రతి బండి నంబరూ రిజిస్టరులో రాయవలెను.
బల్ల కింద పడుకునే కుక్కను తరిమివేయవలెను.
4471 నంబరు జీపు వచ్చినచో ఏ పరిస్థితిలోనూ గేటు ఎత్తరాదు.

చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. కానిస్టేబులు దానియేలు మొదటి నాలుగు పనులూ పన్నెండింటికల్లా ముగించాడు. అయిదోదాని కోసం నా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

నేను ఒక గేటు కర్రను. పదహారు అడుగుల సరుగుడు మానుని. మీరు నన్ను చూసి ఉండరు కానీ నా గురించి విని ఉంటారు. గౌతమి పాయకు అటూ ఇటూ ఏ టీ బడ్డీ దగ్గర కూర్చున్నా, మద్యనిషేధం రోజుల్లో జీపు గంగాచలమనే అతను చెక్‌పోస్టు గేటు మీదుగా జీపును దూకించిన కథ ఎవరో ఒకరు చెబుతారు. ఆ గేటును నేనే. నా మీదుగా ఏ జీపూ దూకలేదు.

నన్ను మొదట కొన్నది సంగాడి పోలయ్య. సముద్రపొడ్డు తోటలో నన్ను కొట్టించి, బాడిసతో నున్నగా చెక్కించి, తన పడవకు తెరచాప కొయ్యగా నిలబెట్టాడు. భార్య పోయిన మనిషి. మూడేళ్ల కొడుకును ఇంట్లో చూసేవాళ్లు లేక పడవలోనే వెంట తిప్పుకునేవాడు. నీళ్లలో పడిపోకుండా వాడి నడుముకు తాడు చుట్టి, రెండో కొస నాకు కట్టేవాడు. చేప ఎగిరితే వాడు లాగేవాడు, ఏడుపొస్తే లాగేవాడు. అలా రెండేళ్లు లాగీ లాగీ నా మొదట్లో వేలు పట్టేంత గాడి పడింది. ఆ పిల్లవాడే గంగాచలం. వాడికి నీళ్లంటే భయం. ఈ సంగతి ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు.

వాడు పెరిగి పెద్దవాడయ్యాక రాష్ట్రంలో మద్యం నిషేధించారు. పాయ దాటితే యానాం, అక్కడ దుకాణాలు తెరిచే ఉన్నాయి. అటు ఒడ్డున బేరం, ఇటు ఒడ్డున నేరం. పోలయ్య ఒకే ఒక్కసారి నాలుగు పెట్టెలు పడవలో ఎక్కించుకున్నాడు. మొదటిసారికే దొరికాడు. పడవను జప్తు చేసి చెక్‌పోస్టు వెనక బోర్లా పడేశారు. ఆయన రోజూ వచ్చి దాన్ని చూసుకుని వెళ్లేవాడు. పలకలు పుచ్చిపోయాయి. కొన్నాళ్లకు ఆయనా రావడం మానేశాడు. చెక్‌పోస్టుకు గేటు మంజూరు కాలేదని నన్ను పీకి, ఒక చివర రాయి వేలాడదీసి, రెండో చివర తాడు కట్టి రోడ్డుకు అడ్డంగా పెట్టారు. ఆ తాడు కట్టడానికి వాళ్లకు వీలుగా దొరికింది పిల్లవాడి గాడే.

తండ్రి పోయాక గంగాచలం 4471 నంబరు పాత జీపు ఒకటి సంపాదించి అదే సరుకు మోయడం మొదలుపెట్టాడు. మనుషులు తమాషా అయినవాళ్లు. మందు తాగింది వాళ్లు, దొరక్కుండా తెచ్చింది అతను, కథలల్లింది మళ్లీ వాళ్లే. నడుముకు పిస్తోలు ఉంటుందన్నారు. ఆరడుగుల పైన ఉంటాడన్నారు. ఒకే పూట మూడు ఊళ్లలో కనిపించాడన్నారు. నేను చూసిన గంగాచలం బక్కపలచటి మనిషి. మలుపు మలుపుకూ హారన్ కొడుతూ, ఎదురుగా మేక వచ్చినా బండి ఆపేసేవాడు.

ఇక దానియేలు సంగతి. అతని తండ్రి పొలాల్లో కూలి. వాళ్ల పేటలో డిగ్రీ చదివిందీ, సర్కారు ఉద్యోగం తెచ్చుకున్నదీ అతనే మొదలు. నియామకపు కాగితానికి అద్దం కట్టించి చర్చి క్యాలెండరు పక్కన తగిలించారట. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, నాలుగు నెలలుంది. అందుకే ఆ మధ్యాహ్నం అతని అరచేయి అంత చెమట పట్టింది. కొత్త రంగు ఆ చెమటకు అంటుకుని వేళ్లు ఎర్రబడ్డాయి. ఆ జీపు ఈ పూట రాకుంటే బాగుండునని అతను పైకే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

రెండు గంటలకు వచ్చింది. సన్నటి ముసురు. టీ బడ్డీ దగ్గరున్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. జీపు మెల్లగా వచ్చి నాకు బెత్తెడు దూరంలో ఆగింది. గంగాచలం దిగి చేతులు జోడించాడు.

"బాబూ, ఎనకాల పురిటి మనిషుందండి. లంకలో వలలల్లే నూకాలు. బిడ్డ అడ్డం తిరిగిందంట. రేవు కాడ ఎక్కించాను. బేగా కాకినాడ తీసుకెళ్లాల."

"సరుకుందా?" అన్నాడు దానియేలు.

"ఉందండి. ఆరు పెట్టెలు. అబద్దమెందుకు? ఆటి మీదే చాపేసి పడుకోబెట్టాను. అయ్యి దించి, లెక్క రాసి, సంతకాలెట్టేసరికి గంటవుద్ది. ఆ పిల్లకి గంట లేదండి."

జీపు లోపలి నుంచి మంత్రసాని తల బయటపెట్టింది. "ఒరే గేటు బాబూ, ఎత్తవేటిరా? మీయమ్మ నిన్ను గేటు కాడే కన్నాదేటి?"

"ఆర్డరుందమ్మా."

"అయితే ఆ ఆర్డరునే వచ్చి పురుడు పొయ్యమను!"

టీ బడ్డీ దగ్గర ఎవరో నవ్వారు. అంతలో చాప మీది మనిషి మూలిగింది. నవ్వు ఆగిపోయింది. దానియేలు గోడ మీది కాగితం వైపు చూశాడు. రెండు గీతలూ వానకు తడిసి కిందికి కారుతున్నాయి. అతని చెయ్యి నా మీద నుంచి తాడు మీదికి జారింది. పొద్దున తను శ్రద్ధగా వేసిన రెండు ముళ్లూ తడికి బిగిసిపోయి ఉన్నాయి. గోళ్లతో లాగాడు, రాలేదు. చివరికి వంగి పళ్లతో విప్పాడు. రాయి కిందికి దిగింది, నేను పైకి లేచాను.

జీపు నా కింద నుంచి వెళ్లింది. కుదుపు తగలకూడదని ఎంత నెమ్మదిగా నడిపాడంటే, పక్కన నడిచే మనిషి దాన్ని దాటి పోగలడు. దాని పైకప్పు టార్పాలిన్ మీది మాసికలు తొమ్మిది. లెక్కపెట్టాను.

ఎస్సై రెండున్నరకు వచ్చాడు. దానియేలు ఎదురెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎస్సై కుర్చీలో కూర్చుని రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

"నువ్వెత్తావని రాస్తే నీ ఉజ్జోగం పోద్ది. నీ ఎనకాలే నాది. గేటు ఇరగ్గొట్టుకుని పోయాడని రాస్తున్నా."

"ఇరగలేదు కదండీ."

"ఇరగలేదు కాబట్టేగా రంపం తెమ్మంటున్నాను! మూడింటికి ఆఫీసరొస్తాడు. వడ్రంగి ఇంటికి పరిగెత్తు."

దానియేలు వెళ్లాడు, తెచ్చాడు. నన్ను నేల మీద పడుకోబెట్టి నడిమికి కోయడం మొదలుపెట్టాడు. రంపం నాలుగు లాగులు లాగుతాడు, ఆగుతాడు. సగానికి వచ్చాక ఇక చెయ్యి ఆడలేదు. "నా వల్ల కాదండీ" అన్నాడు. ఎస్సై విసుక్కుంటూ నా కింద ఇటుక పెట్టి బూట్లతో రెండుసార్లు ఎగిరి తొక్కాడు. నేను విరిగాను. కాబట్టి నా గాయం సగం నున్నగా ఉంటుంది, సగం పీచుగా ఉంటుంది. చూసిన వాళ్లెవరికైనా తెలిసిపోతుంది. మూడింటికి వచ్చిన పెద్దాఫీసరు చూశాడు. "అబ్బా, ఎంత స్పీడులో వచ్చుంటాడు!" అన్నాడు.

గంగాచలాన్ని పట్టుకోవడానికి ఎవరూ కష్టపడలేదు. కాకినాడలో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నాడట. ఆడపిల్ల పుట్టిందని, తల్లి కళ్లు తెరిచిందని నర్సు చెప్పేదాకా కదలలేదట. ఈలోగా పోలీసులు వచ్చారు.

కోర్టులో నా రెండు ముక్కలకూ చీటీలు కట్టి, లక్క ముద్రలు వేసి, బల్ల మీద పెట్టారు. సాక్షిగా వచ్చిన దానియేలు పెదవులు తడుపుకుంటున్నాడు. నిజం చెప్పేయాలనే వచ్చాడు, అతని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. నా భయం నాకుంది. చెబితే ఆ అద్దం కట్టిన కాగితం గోడ మీద నుంచి దిగిపోతుంది. చెప్పకపోతే ఈ మనిషి రాత్రులు ఎలా పడుకుంటాడు?

అతను నోరు తెరిచేలోపు బోనులోని గంగాచలం చెయ్యెత్తాడు.

"అయ్యా, ఆ బాబు గేటెత్తలేదండి. నేనే గుద్దేశాను."

"ఎంత వేగంతో వచ్చావు?" అన్నారు మేజిస్ట్రేటు.

"గుర్తు లేదండి, ఆయ్. కళ్లు మూసేసుకున్నాను."

కోర్టంతా నవ్వింది. దానియేలు ఒక్కడే నవ్వలేదు. తెరిచిన నోరు మూసుకుని తల దించుకున్నాడు. సరుకుకు ఏడాదిన్నర శిక్ష పడింది. నన్ను విరిచినందుకు మరో ఏడాది. తీసుకెళ్లేటప్పుడు గంగాచలం నా దగ్గర ఒక్క క్షణం ఆగి, సంకెళ్లున్న చేత్తో నా మొదట్లోని గాడిలో వేలు పెట్టాడు. "ఇది మా నాన్న పడవది" అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరికీ తెలియలేదు. నాతోనే అన్నాడు.

సరుకు తాలూకు ఏడాదిన్నర తీరకముందే నిషేధం సడలించారు. చెక్‌పోస్టు ఎత్తేసి, సరిగ్గా దాని ఎదురుగానే మందు దుకాణం తెరిచారు. జనం వరసలో నిలబడి, చేతిలో సీసాలు పట్టుకుని గంగాచలం కథ చెప్పుకున్నారు. అప్పుడే గేటు విరగడం పోయి గేటు దూకడం వచ్చింది. అతను మాత్రం ఇంకా లోపలే ఉన్నాడు. చివరి ఏడాదంతా నా పేరు మీదే ఉన్నాడు.

బయటికి వచ్చాక ఆటో నడుపుకున్నాడు. ఒకసారి ఎక్కినవాళ్లు అతని కథే అతనికి చెబుతుంటే, ఆ గంగాచలం తనేనన్నాడట. "ఊరుకోవయ్యా, ఆయన ఆరడుగులుంటాడు" అని నవ్వారట. నాలుగేళ్ల కిందట జ్వరంతో పోయాడు.

కోర్టు వేలంలో నా గాడి ఉన్న ముక్కను టీ బడ్డీవాడు కొన్నాడు. ఇప్పుడు అతని పందిరికి గుంజను; కోసిన కొస పైకి, చేతికి అందే ఎత్తులో ఉంది. దానియేలు రిటైరయ్యాడు. సాయంత్రాలు వచ్చి నాకు ఆనుకుని టీ తాగుతాడు. కథ మొదలైనప్పుడల్లా టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోతాడు. మొన్న నూకాలు కూతురు గంగ వచ్చింది, నర్సు ఉద్యోగం చేస్తోంది. "జీపు గాల్లో ఉండగా పుట్టానంట నేను!" అని నవ్వుతూ చెబుతోంది.

దానియేలు గ్లాసు కింద పెట్టాడు. లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నా కోత మీద ఆనించాడు. ఒకవైపు నున్నగా, ఒకవైపు పీచుగా. "ఇటు రంపమమ్మా. కోసింది నేను" అన్నాడు. ముప్పై ఏళ్లుగా బిగిసిన ముడి అది. ఆ పిల్ల నవ్వు ఆపేసి అతని పక్కన బల్ల మీద కూర్చుంది. అతను మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

నేను ఎన్నాళ్లో ఉండను, చెదలు మొదలైంది. అందుకని మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. గేటు దూకిన వీరుడి కథ మీరు మళ్లీ ఎక్కడైనా వింటే వినండి, నవ్వుకోండి. కానీ ఆ ముసురులో, పట్టుబడతానని తెలిసీ, గేటుకు బెత్తెడు దూరంలో బండి ఆపి చేతులు జోడించిన పోలయ్య కొడుకు గంగాచలాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.