సోమమ్మ పెంకుపురుగు

దంతెవాడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వినీతకు శనివారం క్లాసులుండవు. ఆ రోజు పొద్దున్నే వచ్చి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. రెండేళ్ళుగా ఇదే పని. మద్దేడ్ అడవిలో పుచ్చిన బెరళ్ళ కింద బతికే ఆవగింజంత పెంకుపురుగుకు లోకం ఇంకా పేరు పెట్టలేదు. రంగు, కొలతలు, మీసాల కణుపులు అన్నీ రాసి పంపితే పేరొస్తుంది. దానికి ఒక్క చచ్చిన పురుగునైనా అట్టముక్కకు అంటించి దాచాలి. లేకపోతే ఎవరూ నమ్మరు.

చంపడం కుదరదు. మద్దేడ్‌లో మనిషి పుట్టిన రోజే అడవిలో ఆ మనిషి పురుగు పుడుతుంది. పోయిన రోజు వచ్చి ఇంటి గడప దగ్గర రాలుతుంది. అందుకే అక్కడివాళ్ళు కట్టెలకు పోతే బెరడు తట్టి, కాసేపాగి, అప్పుడు గొడ్డలి వేస్తారు. వినీతదీ ఆ ఊరే. చావు కబురొస్తే బస్సెక్కి పోయి, అందరితో కలిసి ఏడ్చి, తర్వాత గడప వెతికేది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని ఊరు ఊరుకుంది. కానీ ప్రతిసారీ చీమలు ముందే వచ్చి ఉండేవి.

మొన్న పెదనాన్న రామయ్య పోయినప్పుడు మాత్రం చెక్కుచెదరనిది ఒకటి దొరికింది. పెద్దమ్మ సోమమ్మే గడప చూపించి, "తీస్కపో బిడ్డా," అంది.

ఈ పొద్దున దాన్ని జిగురుతో అంటించి, మైక్రోస్కోపు దీపం వేసి, మీసాల కణుపులు లెక్కపెడుతోంది. ఎనిమిదోది లెక్కపెడుతుండగా పురుగు మీసం కదిలింది.

వినీత లెక్క ఆపింది. ఈ పురుగు భయపడితే చచ్చినట్టు పడి ఉంటుంది, ఒక్కోసారి రోజుల తరబడి. ఆ మాట తన కాగితాల్లో రాసింది తనే. దొరికిందన్న సంబరంలో అదే మరిచింది.

అంతలో ఫోను. మద్దేడ్ నుంచి పెద్దమ్మ కొడుకు ఉపేంద్ర.

"వినీతా, అమ్మ పొద్దుగాల్నుంచి లేస్తలేదు. చాపకు అంటుకపోయింది. లేపబోతే చర్మం ఊడొస్తాంది. ఇంట్ల ఉన్నా నెత్తిమీద ఎండ కొడ్తాందంటది."

వినీత చప్పున దీపం ఆర్పింది.

"ఆఁ, ఇప్పుడు సల్లబడ్డదట," అన్నాడు ఉపేంద్ర.

వినీత ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. "అన్నా, ఫోన్ పెద్దమ్మ చెవికాడ పెట్టు. కట్ చెయ్యకు."

గోరువెచ్చని నీళ్ళలో సూది ముంచి జిగురు మీద ఒక్కో బొట్టు వదిలింది. ఇక్కడ సూది తాకినప్పుడల్లా అక్కడ మూలుగు. పురుగు ముందు కాళ్ళు విడిపిస్తే, "చేతులొచ్చినయ్," అంది సోమమ్మ. మధ్య కాళ్ళు విడిపిస్తే నడుమొచ్చింది. తర్వాత వెనక కుడికాలు.

"ఇది పెదనాన్నది గదా పెద్దమ్మా?"

"నేనెప్పుడన్న? ఆయనది ఆయన పిడికిట్ల పెట్టే పంపినం. నాది ఎంబడే వచ్చి గడపకాడ పండుకుంది. నాకూ ఆయనెంబడి పోవాల్ననిపించి తీస్కపొమ్మన్న. నీ పని కాలే గదా. ఉంచుకో బిడ్డా. నాకీడ ఏం పనుంది?"

సూది ఆగింది. రెండేళ్ళ కష్టం. ఇలాంటిది మళ్ళీ దొరకదు. ఎంతసేపో తెలియదు గాని, ఆగింది. ఆగిన తన చేతిని చూసుకున్నాక పుట్టిన భయం ముందు అంతవరకూ పడ్డ భయం ఏపాటిదీ కాదు.

"ఊకో పెద్దమ్మా," అంది ఏడుస్తూ. ఎడమకాలి మీద గబగబా నీళ్ళు వదిలింది. తొందరలో సూది జారింది. ఫోనులో సోమమ్మ ఒక్క కేక పెట్టింది. పురుగు బల్ల మీద గుండ్రంగా తిరిగి, రెక్కలు విప్పి, కిటికీలోంచి పోయింది. దాని ఎడమకాలు అట్టముక్క మీదే ఉండిపోయింది.

సోమమ్మ లేచింది. ఆమె ఎడమకాలు మాత్రం మళ్ళీ స్వాధీనంలోకి రాలేదు. శాస్త్రం రూలు ప్రకారం జంతువులో ఏ ముక్క దాచినా చాలు, కాలైనా సరే. 'మిగతా శరీరం' అన్నచోట వినీత 'మద్దేడ్‌లో, ప్రాణంతో' అని రాసి పంపింది. పురుగుకు పేరొచ్చింది.

నెల తర్వాత ఊరెళ్తే, సోమమ్మ కర్ర ఊతంతో వాకిట్లోకి వచ్చి అడిగింది. "నా కాలు యాడ పెట్టినవ్?"

"అల్మారాల. తాళమేసిన."

"మంచిది. పురుగు పట్టనీయకు," అని నవ్వింది సోమమ్మ.

వినీతకు నవ్వు రాలేదు. ఇప్పుడామెకు శనివారం, ఆదివారం తేడా లేదు. రోజూ వెళ్ళి తాళం తీసి, కలరా ఉండలు మార్చి, కాలు ఉందా లేదా అని ఊపిరి బిగబట్టి చూసుకుంటుంది.