ముగ్గురు హజరత్తయ్యలు, ఒక పరుపు

మా పరుపుల కొట్టు సూళ్లూరుపేటలో, రైలు స్టేషనుకు పోయే దారిలో ఉంది. మా ఆయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన రోజుల్లో కొట్టూ లేదు, బోర్డూ లేదు. ఇప్పుడు ఏకడానికి మిషను వచ్చింది. కొట్టు నా కొడుకు మదార్ చూసుకుంటాడు. తయారైన పరుపులు నా మనవడు అర్మాన్ ట్రాలీ ఆటోలో వేసుకుపోయి ఇళ్ళకు చేరుస్తాడు. నేను కొట్టు ముందు నులక మంచం మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను పోనీయకుండా పలకరిస్తుంటాను. ఈ ఆమినాబీతో మాటల్లో పడి రైలు తప్పిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

అర్మాన్ భార్య ఫరీన్ పెళ్ళికి ముందు చెన్నైలో ఒక ఆఫీసులో పనిచేసిన పిల్ల. కోడలిగా వచ్చాక మా కొట్టు నడిచే తీరు చూసి ఆ పిల్లకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే వ్యాపారమంతా మదార్ తలకాయలోనే ఉండేది. ఎవరైనా పరుపు చెప్పగానే వాడు స్కూటరెక్కి గుడ్డల కొట్టుకు పోతాడు, అక్కడి నుంచి గలీబులు కుట్టే అంకాలమ్మ ఇంటికి పోతాడు, తిరిగొచ్చి అర్మాన్‌ను కేకేస్తాడు. మధ్యలో ఎవరో టీ తాగుదువు రమ్మంటారు. ఆ టీతో పాటు ఒక పని కడుపులోకి జారిపోతుంది. పరుపు ఏదని ఫోను వస్తే దారిలో ఉందంటాడు. దూది ఇంకా మూటలోనే ఉంటుంది.

ఫరీన్ ఈ పనులన్నీ ఫోన్లో, క్లౌడులో పెడతానంది. అదేమిటే అని అడిగాను. మన ఆర్డర్లు మన కొట్లో కాకుండా ఎక్కడో దూరాన పెద్ద పెద్ద మిషన్లలో ఉంటాయట. ఎవరి ఫోన్లోంచి చూసినా ఒకటే కనబడుతుందట. ఫోను నీళ్ళలో పడినా ఆర్డర్లు పోవట. ఈ చివరి మాట మాత్రం నాకు బాగా ఎక్కింది. మదార్ కాళంగి వంతెన మీద నిలబడి మాట్లాడుతూ ఫోను ఏట్లో వదిలేసిన రోజు పెళ్ళివారి ఆర్డర్లన్నీ దాంతోనే మునిగాయి మరి.

ఇక రెండో సంగతి, ఒకరి పని కాగానే తరువాతి వాళ్ళకు కబురు దానంతటదే పోవడం. ఇది నాకు కొత్త కాదు. మా అత్త అన్నం వార్చగానే గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టేది. ఆ చప్పుడుకు చిన్నాడబిడ్డ అన్నాలకు దస్తరఖాను గుడ్డ పరిచేది, పరవడం చూసి నేను నీళ్ళ చెంబులు పెట్టేదాన్ని. ఎవరూ ఎవరినీ పిలిచేవాళ్ళం కాదు. ఫరీన్ చేస్తానన్నదీ అదే, గరిటె ఒకటే మారింది.

మదార్ మాత్రం మొండికేశాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఏ ఇంటికైనా సరే పరుపు చేరకపోతే, ఆ రోజే ఇదంతా తీసేయాలి. ఫరీన్ సరేనంది. చెన్నై ఆఫీసువాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారనీ, ఇది కుదరకపోతే రోజూ పొద్దున్నే రైలెక్కడమేననీ నాకొక్కదానికే చెప్పింది. ఆ పిల్ల లేని పగటిపూట నాకు ఊహకే అందలేదు. దిండ్లు, పాత పరుపులు ఏకడం మునుపటిలాగే ఉండనిచ్చి కొత్త పరుపుల పని ఒక్కటే ముందుగా అందులో పెట్టింది. అన్నీ ఒకేసారి నెత్తినెత్తుకోకూడదని దాని లెక్క.

మదార్ పేరూ నంబరూ కొట్టి కింద బొత్తాం నొక్కితే చాలు. గుడ్డల కొట్టుకూ, అంకాలమ్మకూ, అర్మాన్‌కూ ఫోన్లు మోగుతాయి. పరుపు ఎంతవరకు వచ్చిందో కొన్నవాళ్ళకు కబురు పోతుంది. అయితే మావాడికి వేలు ఆగదు. పని అయిందో లేదోనని ఇంకోసారి నొక్కేవాడు. అంకాలమ్మ ఒక్కో పరుపుకు రెండేసి గలీబులు కుట్టి పెట్టింది. దాంతో ఫరీన్ ఒక కట్టుబాటు పెట్టింది. అదే పేరు, అదే నంబరు మళ్ళీ వస్తే పొరపాటున నొక్కినట్టు లెక్కేసి వదిలేయమని క్లౌడుకు చెప్పిపెట్టింది. గలీబుల గొడవ తీరిపోయింది.

కొన్నాళ్ళు హాయిగా నడిచింది. ఆ తరువాత ఒక గురువారం మధ్యాహ్నం దొరవారిసత్రం నుంచి పిచ్చమ్మ వచ్చింది. వరి పండించుకునే కుటుంబం, మాకు పాత చుట్టరికం లాంటిది. మరునాడు పొద్దున కూతురు వినీలను అత్తగారింటికి పంపుతున్నారు. సారెతో పాటు పోవలసిన పరుపు చూసుకుందామని వచ్చింది. మదార్ ఫోన్లో చూసి, హజరత్తయ్య పరుపు ఇచ్చేసినట్టుందే అన్నాడు. హజరత్తయ్య పిచ్చమ్మ భర్త.

"ఎవురికిచ్చినావన్నా? మా ఇంట్లో చాప దక్క ఏం లేదే," అంది పిచ్చమ్మ.

అర్మాన్‌ను అడిగితే తెలిసింది, ఆ పరుపు పులికాట్ ఒడ్డున పడవ నడిపే హజరత్తయ్యకు చేరిందని. అది ఆయనదే, తప్పేమీ లేదు. పిచ్చమ్మ వాళ్ళది అసలు మొదలే కాలేదు. రైసు మిల్లు హజరత్తయ్య అని ఇంకొకాయన ఉన్నాడు, ఆయన పరుపుకూ అదే గతి. మా వైపు దర్గాకు మొక్కుకుని మగబిడ్డను కన్నవాళ్ళు, సాయిబులైనా రెడ్లైనా, హజరత్తయ్య అనే పేరు పెట్టుకుంటారు. మా కొట్టు ముందు నిలబడి ఆ పేరు పిలిస్తే స్టేషను దాకా జనం తిరిగి చూస్తారు.

మదార్ మొహం ఎర్రబడింది. "చెప్పినానా లేదా? ఆపెయ్యి దాన్ని."

"ఆపేస్తా మామా. ముందు ఈ పరుపు కుట్టనీండి," అని ఫరీన్ ఫోను తీసుకుని ఆగిపోయిన ఆ పరుపును చకచకా తన చేత్తోనే పనిలోకి ఎక్కించింది.

మదార్ గుడ్డ తేవడానికి స్కూటరు తాళం వెతుక్కుంటున్నాడు. జేబులు చూశాడు, నా మంచం కింద చూశాడు. తాళం దొరికేలోపే గుడ్డల కొట్టు మనిషి బట్ట తాను చంకన పెట్టుకుని వచ్చేశాడు. వెనకనే అంకాలమ్మ, నోట్లో దారం పెట్టుకుని. అర్మాన్ ఎక్కడో బస్టాండు దగ్గర ఉన్నవాడు కబురు చూసి ట్రాలీ తిప్పుకొచ్చాడు. అంతా నేల మీద చుట్టూ కూర్చున్నాం. దూది కూరాం, నేను దబ్బనంలో దారం ఎక్కించి ఇస్తుంటే అంకాలమ్మా పిచ్చమ్మా పోటీపడి కుట్లేశారు.

"ఏం మే పిచ్చమ్మా, నీ కుట్టు వంకరగా పోతా ఉంది," అంది అంకాలమ్మ.

"అల్లుడు పడుకునే వైపులే, పోనీ."

పొద్దు వాలకముందే ట్రాలీ కదిలింది. వెనక చోటు లేక పిచ్చమ్మ పరుపు మీదే ఎక్కి కూర్చుని, పెళ్ళికూతురిలాగా కొంగు సర్దుకుని పోయింది.

మదార్ టీ గ్లాసు పట్టుకుని నా మంచం మీద కూలబడ్డాడు. వాడి ఫోను మోగింది. ఇట్లాంటివి ఎప్పుడూ చూడకుండా తోసేసేవాడు, ఈసారి పైకి చదివాడు. "హజరత్తయ్య గారూ, మీ పరుపు బయలుదేరినది." చదివి ఆగాడు.

"ఇది నాకెందుకు వస్తా ఉంది?"

ఫరీన్ దగ్గరికి వచ్చి తొంగి చూసింది. ముగ్గురు హజరత్తయ్యల పేర్ల ఎదురుగా ఒకటే నంబరు ఉంది. అది మదార్ నంబరు. వచ్చినవాళ్ళు నా నంబరు నాకేం తెలుసన్నా, నీదే వేసుకో అంటే వాడు వేసుకున్నాడు. అట్లాగే చెప్పాడు కూడా, చాలా చిన్న గొంతుతో. నేను తమలపాకుకు సున్నం రాసుకోవడంలో మునిగిపోయాను.

"ఒకే పేరు ఇద్దరికి ఉంటుందని నాకూ తట్టలేదు మామా," అంది ఫరీన్. "ఇప్పుడు ఆపేయమంటారా?"

మదార్ టీ అంతా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఆ గుడ్డలోడు, నేను బండి తీసేలోపల ఎట్టా వచ్చినాడు?" అన్నాడు. దాని తరువాత ఆపడం సంగతి ఎత్తలేదు.

ఫరీన్ ఆ కట్టుబాటు మార్చింది. ఇప్పుడు అదే పేరు రెండోసారి వస్తే క్లౌడు దాన్ని మింగదు, ఆగి నన్ను అడుగుతుంది. నా ఫోన్లో పచ్చ గుర్తు, ఎర్ర గుర్తు వస్తాయి. వేరే మనిషైతే పచ్చది, మావాడి వేలి పొరపాటైతే ఎర్రది. మరునాడు రైసు మిల్లు హజరత్తయ్య పేరు మళ్ళీ కొట్టగానే నా ఫోను మోగింది. ఊరికే ఎట్లా నొక్కుతాను? వాళ్ళింటికి ఫోను చేశాను. ఆయన భార్య మోకాలు ఎట్లా ఉందో, కోడలు పుట్టింటి నుంచి వచ్చిందో లేదో కనుక్కుని, పరుపు కొలత కూడా మరోసారి అడిగి, అప్పుడు పచ్చది నొక్కాను.

మదార్ అంతసేపూ ఎదురుగా నిలబడే ఉన్నాడు. నా వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"మా అమ్మకు జొరమొస్తే ఎవురు నొక్కుతారు?"

"మీకే వస్తాది మామా," అంది ఫరీన్. "కానీ ఒక్కసారే నొక్కాల."

అప్పుడే ఆ పిల్ల ఫోను మోగింది. చెన్నై నంబరు. ఫరీన్ లోపలికి పోలేదు, కొట్లోనే నిలబడి మాట్లాడింది. రాలేనండీ, ఇక్కడ పని పడిందని చెప్పింది. మదార్ వినబడనట్టు మొహం పెట్టి, తన ఫోను చొక్కాకు తుడుచుకుని, పచ్చ గుర్తు ఎక్కడ వస్తుందో చూపించమని కోడలి చేతికిచ్చాడు.